యంత్రం నేర్చుకుంటుందా? - ఒక చారిత్రక పరిశీలన

కృత్రిమ మేధను గురించి ఇప్పుడు తెలుగులో వస్తున్న రాతలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం రచయితలు యంత్రానికి హారతి పడతారు. మనిషి చేసే పనులన్నీ అదే చేస్తుందనీ, డాక్టరూ ప్లీడరూ పంతులూ ఇక అక్కరలేదనీ వీరు ఉత్సాహపడతారు. రెండవ రకం వారు సరిగ్గా ఆ మాటనే ఏడుపు గొంతుతో చెబుతారు. పైకి పరస్పర విరోధులుగా కనిపించే ఈ ఇద్దరి నమ్మకమూ లోపల ఒక్కటే: యంత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డదని. దానికి ఒక పుట్టుక ఉన్నదనీ, ఒక పెంపకం ఉన్నదనీ, దాన్ని పెంచినవారికి కొన్ని అవసరాలూ కొన్ని గడువులూ ఉండినవనీ ఇద్దరిలో ఎవరికీ తోచదు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నది? ఎంతకాలం నేర్చుకున్నది? ఇంకా నేర్చుకుంటూనే ఉన్నదా, లేక ఎక్కడో ఆగిపోయిందా? ఈ ప్రశ్నలు వేసినవారు నాకు అరుదుగా కనిపించారు.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి; ఇంజనీరును కాను. అయినా ఈ విషయంలో తలదూర్చటానికి నాకు రెండు కారణాలున్నాయి. ఈ యంత్రాల చరిత్రలో చాలా భాగం భాషకు సంబంధించిన చరిత్ర. మనిషి మాటను యంత్రం చేత వినిపించాలనే ప్రయత్నంలోనే 'యంత్రం నేర్వటమంటే ఏమిటి' అన్న ప్రశ్న తీవ్రంగా ముందుకు వచ్చింది. ఆ ప్రయత్నానికి తొలి దశలో నాయకత్వం వహించిన కొద్దిమందిలో ఒకడు తెలుగువాడు కావటం రెండవ కారణం. తెలుగువాడు గదా అని మురిసిపోయి సన్మానపత్రం చదవటం నా ఉద్దేశం కాదు. అటువంటి పత్రాలు కావలసినన్ని వచ్చాయి. ఆయన ప్రయోగశాలలో 1971కీ 1976కీ నడుమ రెండు పద్ధతుల మధ్య పోటీ జరిగింది. అందులో ఒకటి గెలిచింది. ఆ గెలుపు ఫలితాన్ని ఇవాళ వరంగల్లులో నా తరగతి పిల్లలు అనుభవిస్తున్నారు. నా ఆసక్తి అక్కడ ఉన్నది.

ముందుగా మాటను గురించి ఒక మాట. 'నేర్చు' అనే క్రియకు ప్రేరణార్థకం 'నేర్పు'. ఈ 'నేర్పు'కు మన భాషలో బోధించటమనే అర్థమూ ఉంది, నైపుణ్యమనే అర్థమూ ఉంది. వడ్రంగి చేతిలో నేర్పున్నదంటే ఆ చేతికి ఎవరో నేర్పినారన్నమాటే. కాని నేర్వటం వేరు, ఎదగటం వేరు. ఎక్కం అప్పజెప్పగలగటం నేర్వటం. నిన్నటిదాకా తనకు అందని సంగతులను అందుకొనే శక్తినే సంపాదించటం ఎదగటం. పసిబిడ్డ ఈ రెంటినీ విడదీయకుండా చేస్తుంది. యంత్రం చేత మొదటిది చేయించటంలో శాస్త్రజ్ఞులు ఆశ్చర్యకరమైన విజయాలు సాధించారు. రెండవది ఇంకా చేతికి చిక్కలేదు. ఎందుకు చిక్కలేదన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే అనుకుంటే పొరపాటు.

ఈ భేదాన్ని మొట్టమొదట స్పష్టంగా గుర్తించినవాడు ఆలన్ ట్యూరింగ్. 1950లో 'మైండ్' పత్రికలో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసంలో ఆయన ఒక సూచన చేశాడు. పెద్దవాడి మనస్సును నేరుగా నిర్మించటానికి తంటాలు పడటమెందుకు? పిల్లవాడి మనస్సును నిర్మించి, దానికి చదువు చెప్పితే సరిపోతుంది గదా అని. అంటే సమస్యను రెండుగా చీల్చాడు: బిడ్డ ఒకటి, బిడ్డకు ఇచ్చే విద్య రెండు. ఈ విభజన నేటికీ చెల్లుతుంది. కాని పిల్లవాడి మెదడును ఆయన అంగట్లో కొన్న కొత్త నోటుపుస్తకంతో పోల్చాడు; లోపల యంత్రాంగం తక్కువ, ఖాళీ కాగితాలు ఎక్కువ అన్నాడు. ఈ పోలిక నాకు నచ్చదు. బిడ్డను పెంచిన ఏ తల్లీ దీన్ని ఒప్పుకోదు. పాలకు ఎప్పుడేడవాలో, ఎవరి ముఖం వంక చూడాలో ఎవరూ రాసిపెట్టకుండానే తెలుసుకొని వచ్చే ఖాళీ కాగితం ఎక్కడున్నది? ఇది అట్లా ఉంచి, తన శిష్యుడి లోపల ఏం జరుగుతున్నదో గురువుకు చాలావరకు తెలియకపోవచ్చునని ట్యూరింగ్ అదే వ్యాసంలో హెచ్చరించాడు. డెబ్బయి యేళ్ళ తర్వాత ఆ హెచ్చరిక అక్షరాలా నిజమై కూర్చున్నది.

ఆ తరువాతి పదేళ్ళు ఉత్సాహపు రోజులు. అమెరికాలో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ 1958లో 'పర్సెప్ట్రాన్' అనే యంత్రపద్ధతిని ప్రకటించాడు. నాలుగు వందల కాంతిగ్రాహకాలున్న ఒక కృత్రిమ నేత్రం, తప్పు చేసినప్పుడల్లా తనలోని సంబంధాల బలాన్ని కాస్త సవరించుకుంటూ ఆకారాలను గుర్తుపట్టటం నేర్చుకున్నది. డబ్బు పెట్టింది అమెరికా నౌకాదళం. ఐ.బి.యం. సంస్థలో ఆర్థర్ శామ్యూల్ చెకర్స్ అనే గళ్ళబల్ల ఆటను కంప్యూటర్‌కు నేర్పి, అది ఆడుతూ ఆడుతూ తన ఆటను తానే మెరుగుపరచుకొనే తీరును 1959లో వివరించాడు. అదే సంవత్సరం అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశాడు. ఈ రెండు సంగతులకూ సంబంధమేమీ లేదు. మనం పునాదిరాయి వేసుకుంటున్న రోజున పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియటానికి చెప్పాను.

ఉత్సాహం ఎక్కువకాలం నిలవలేదు. 1969లో మిన్‌స్కీ, పాపర్ట్‌లు ఒంటి పొర పర్సెప్ట్రాన్ చేయలేని పనులేమిటో గణితంతో నిరూపించారు. దాంతో ఈ దారికి ప్రోత్సాహం సన్నగిల్లింది. యంత్రం తనంత తాను నేర్చుకోవాలన్న ఆలోచన పక్కకు జరిగి, మనుషులకు తెలిసిన సూత్రాలను యంత్రంలో పొందుపరచాలన్న ఆలోచన ముందుకు వచ్చింది. సరిగ్గా ఈ సంధికాలంలో మన కథానాయకుడు ప్రవేశిస్తాడు.

దబ్బల రాజగోపాల రెడ్డి - లోకానికి రాజ్ రెడ్డి - 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ ఇంట కళాశాల మెట్లెక్కినవారిలో మొదటివాడు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకొని, ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో పై చదువు ముగించి, కొంతకాలం అక్కడే ఐ.బి.యం.లో పనిచేశాడు. తరువాత స్టాన్‌ఫర్డ్ చేరి, 'కృత్రిమ మేధ' అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేటు పొందాడు. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారాడు. ఆయన ఎంచుకున్న సమస్య మాట. ఆపి ఆపి పలికిన విడి పదం కాదు, మనుషులు మాట్లాడుకొనే తీరున ఒకదానిలోకొకటి కలిసి పారే మాట. మన వ్యాకరణంలో సంధి ప్రకరణం చదివినవారికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఖాళీని వినేవాడు కల్పించుకుంటాడు.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ దీనికొక పంచవర్ష ప్రణాళిక వేసింది. వెయ్యి పదాల పరిధిలో, పలువురు మాట్లాడే కలగలుపు వాక్యాలను, నూటికి పదికి మించని తప్పులతో యంత్రం గ్రహించాలి. అయిదేళ్ళలో చేసి చూపాలి. ఈ షరతులను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత వీటితో పని ఉంది.

రాజ్ రెడ్డి బృందం మొదట 'హియర్‌సే' అనే వ్యవస్థను కట్టింది. 1973 నాటి దాని తొలిరూపం చదరంగపు ఎత్తులను నోటితో చెబితే వినేది. ఇందులో ఒక గొప్ప సూక్ష్మం ఉంది. బల్ల మీద పావులు ఏ స్థితిలో ఉన్నాయో యంత్రానికి తెలుసు గనుక, ఈ ఘడియలో ఏ ఎత్తు సాధ్యమో కూడా తెలుసు. చెవికి అస్పష్టంగా వినిపించిన మాటను ఆ సందర్భజ్ఞానం పూరించేది. మనమూ వినేది చెవితో మాత్రమే కాదు గదా! బస్టాండులో కండక్టరు అరుపు సగమే వినిపించినా బస్సు ఎక్కడికి పోతుందో మనకు తెలుస్తుంది.

రెండవ హియర్‌సేలో ఈ ఆలోచన పూర్ణరూపం పొందింది. ఎర్మన్, లెసర్, హేయిస్-రోత్ అనే సహచరులతో కలిసి రాజ్ రెడ్డి నిర్మించిన ఆ వ్యవస్థ మధ్యలో ఒక నల్లబల్ల ఉంది. అది నిజంగా గోడకు తగిలించిన బల్ల కాదు. కంప్యూటర్ జ్ఞాపకంలో అందరికీ కనిపించే ఒక జాగా. దాని చుట్టూ వేరువేరు విద్యలు తెలిసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కూర్చుంటాయి. ఒకదానికి ధ్వనులు తెలుసు, ఒకదానికి అక్షరాల కూర్పు తెలుసు, ఇంకొకదానికి పదాలు, మరొకదానికి వాక్యనిర్మాణం. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. అన్నీ బల్ల వంక చూస్తూ ఉంటాయి. ధ్వనులు తెలిసినది 'ఇక్కడ పకారం ఉన్నట్టుంది' అని తన ఊహ రాస్తుంది. ఎంత నమ్మకమో అంకె వేస్తుంది. పదాలు తెలిసినది దాన్ని చూసి రెండు పదాలను సూచిస్తుంది. వాక్యం తెలిసినది అందులో ఒకటి ఇక్కడ పొసగదని తోసిపుచ్చుతుంది. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్న క్రమం లేదు. ఎవరికి పనికివచ్చే సంగతి కనిపిస్తే వారు లేస్తారు. నా దృష్టిలో ఇది రచ్చబండ పద్ధతి. మన బళ్ళలో నల్లబల్ల ఉన్నా సుద్దముక్క ఒక్కరి చేతిలోనే ఉంటుందన్నది వేరే సంగతి.

అదే ప్రయోగశాలలో ఇంకొక పద్ధతి కూడా పెరుగుతున్నది. జేమ్స్ బేకర్ అనే విద్యార్థి 'డ్రాగన్' అనే వ్యవస్థలో భాషాశాస్త్ర సూత్రాలను పక్కనబెట్టి, ఏ ధ్వని తరువాత ఏ ధ్వని వచ్చే అవకాశం ఎంత అన్న సంభావ్యతా గణితంతో పని సాగించాడు. బ్రూస్ లోవెరె అనే మరొక విద్యార్థి హియర్‌సే తొలిరూపంలోని మంచినీ, డ్రాగన్‌లోని మంచినీ కలిపి 'హార్పీ'ని తయారు చేశాడు. హార్పీలో చర్చ లేదు, బల్ల లేదు. చెప్పటానికి వీలున్న వాక్యాలన్నిటినీ ముందే లెక్కగట్టి, సుమారు పదిహేను వేల ముడులున్న ఒకే వలగా అల్లిపెడతారు. మాట వినిపించగానే యంత్రం ఆ వలలో ఒక దారి వెతుకుతుంది. అన్ని దారులూ వెతికితే తెల్లవారుతుంది గనుక, అడుగడుగునా మేలుగా కనిపించే కొన్ని దారులను మాత్రం పట్టుకొని తక్కినవి వదిలేస్తుంది. చివరకు మిగిలిన మేలైన దారే విన్న వాక్యం.

1976లో గడువు ముగిసింది. 1011 పదాల పరిధిలో నూటికి అయిదు తప్పులతో హార్పీ నిర్ణీత లక్ష్యాన్ని దాటింది. రెండవ హియర్‌సే లక్ష్యానికి దగ్గరగా వచ్చింది గాని హార్పీకి వెనుకబడింది.

ఇక్కడ చరిత్రకారులు సాధారణంగా చప్పట్లు కొట్టి ముందుకు పోతారు. మనం కొంచెం ఆగుదాం. పరీక్షలో అడిగిన ప్రశ్నలేమిటి? ఎన్ని పదాలు, ఎన్ని తప్పులు, ఎన్ని సంవత్సరాలు. వచ్చే ఏడాది ఈ యంత్రానికి ఈనాటికంటె ఎక్కువ తెలిసి ఉంటుందా అన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. హార్పీకి ఒక కొత్త పదం నేర్పాలంటే వలను మళ్ళీ అల్లాలి. అందుకు ఆనాటి కంప్యూటర్‌కు గంటల తరబడి పట్టేది. మగ్గం మీద పడుగు ఎక్కించిన తరువాత అంచు మార్చమంటే ఏమవుతుందో కొత్తవాడ నేతగాళ్ళను అడిగితే చెబుతారు. హియర్‌సేలో అయితే కొత్త విద్య తెలిసిన ఇంకొక సభ్యుణ్ణి తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. తక్కినవారిని లేపనక్కరలేదు. ఎదుగుదలకు వీలున్న నిర్మాణం పరీక్షలో వెనుకబడింది. ముందుగా బిగించిన నిర్మాణం గెలిచింది.

హార్పీకి అన్యాయం చేయటం నా అభిమతం కాదు. ఆరితేరిన మనిషి వినికిడి హార్పీ లాగే ఉంటుందేమోనని ఆలన్ న్యూయెల్ వంటి మనస్తత్వ పరిశోధకుడు 1980లో ఒక సుదీర్ఘ వ్యాసంలో తీవ్రంగా పరిశీలించాడు. అందులో సబబు ఉంది. మాతృభాష వింటున్నప్పుడు మనం చెవులతో వాదన పెట్టుకోము. కాని అది పండిన తరువాతి స్థితి. పండటం ఎట్లా అన్నది హార్పీ చెప్పదు.

ఆ తరువాత గాలి ఒకే దిక్కుకు వీచింది. రాజ్ రెడ్డి శిష్యుడు కై-ఫూ లీ 1988లో 'స్ఫింక్స్' వ్యవస్థతో, సుమారు వెయ్యి పదాల పరిధిలో ఎవరు మాట్లాడినా గుర్తించవచ్చునని చూపాడు. దాని బలం సూత్రాలలో లేదు. వేలాది వాక్యాల రికార్డింగుల నుంచి లాగిన సంభావ్యతలలో ఉంది. సూత్రాల మార్గాన్ని నమ్మిన గురువు, తనతో ఏకీభవించకపోయినా తన మార్గానికి అండగా నిలిచాడని ఆ శిష్యుడే తరువాత రాసుకున్నాడు. బిరుదులకంటె ఈ సంగతి నాకు పెద్దదిగా తోస్తుంది. బిరుదులూ వచ్చాయి: 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం - ఆసియా నుంచి వచ్చినవారిలో మొదటిసారి - 2001లో పద్మభూషణ్.

కాబట్టి యంత్రం నేర్చుకోవటమనే ఆలోచన తిరిగి గద్దెనెక్కింది. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్‌ల పత్రంతో, పలు పొరల నాడీజాలాలకు తప్పులను వెనక్కు పంచి నేర్పే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. 2012 తరువాత వేగవంతమైన యంత్రాలు, అంతులేని పాఠ్యసామగ్రి తోడయి ఈ దారే రాజమార్గమైంది. అయితే దీని వెంట ఒక రోగం కూడా వచ్చింది. 1989లో మెక్లాస్కీ, కోయెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక నాడీజాలానికి ఒకటి కలిపే కూడికలు నేర్పారు. బాగా వచ్చిన తరువాత రెండు కలిపే కూడికలు నేర్పారు. రెండోవి వచ్చేసరికి మొదటివి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి! ఒకటో తరగతి పిల్లవాడెవడూ ఇట్లా మరచిపోడు. కొత్తది రాసే చోటా పాతది నిలిచి ఉన్న చోటా ఒకటే కావటం దీనికి కారణం. కొత్త పాఠంతో పాటు పాత పాఠాలను కలిపి మళ్ళీ చెప్పటం వంటి వైద్యాలు ఉన్నాయి. రోగం మూలంలో నయమైందని చెప్పలేము. ఇవాళ లోకమంతా వాడుతున్న పెద్ద భాషాయంత్రాలను మహా వ్యయంతో ఒకమారు నేర్పి, సాధారణంగా ఆ నేర్పును అక్కడ గడ్డకట్టించి, వాడుకకు వదులుతారు. మనం వాటితో గంటసేపు మాట్లాడినా వాటి మూలజ్ఞానంలో మార్పు రాదు; మహా అయితే పక్కన ఒక చీటీ రాసిపెట్టుకుంటాయి. ట్యూరింగ్ కోరిన బిడ్డ ఇది కాదు. బహుశా ఇది బాగా చదివిన వృద్ధుడు. కొత్తగా ఎవరి మాటా వినడు.

బిడ్డ కోసం వెతికినవారు లేకపోలేదు. తన ముగ్గురు పిల్లలను ఉయ్యాల నుంచి గమనిస్తూ పియాజే చెప్పిన సంగతి - తెలివి అనేది వస్తువులను తాకి, లాగి, పడేసి, దశలు దశలుగా కట్టుకొనేదని - వీరికి ఆధారం. ఎం.ఐ.టి.లో రాడ్నీ బ్రూక్స్ 1993లో 'కాగ్' అనే మనిషి ఆకారపు యంత్రాన్ని మొదలుపెట్టాడు. శరీరం లేకుండా మనస్సు ఎదగదని ఆయన వాదం. 2001లో జుయాంగ్ వెంగ్ తదితరులు 'సైన్స్' పత్రికలో, యంత్రానికి ఒక పని నేర్పే ప్రోగ్రాము కాదు, తనంతట ఎదిగే ప్రోగ్రాము కావాలని ప్రతిపాదించారు. 2004లో ఐరోపా దేశాల ఖర్చుతో మొదలైన పథకంలో 'ఐకబ్' పుట్టింది. మీటరు ఎత్తు, యాభై మూడు కదలికలు; మూడు నాలుగేళ్ళ పిల్లవాడంత. దాని నమూనాను ఎవరైనా తీసుకొని కట్టుకొనేటట్టు బహిరంగంగా ఉంచారు. చేయి చాపటం, అందుకోవటం, వస్తువుకూ మాటకూ ముడి వేసుకోవటం వంటివి దానికి నేర్పుతూ వచ్చారు. ఫలితాలు నిదానంగా వచ్చాయి. వ్యాపారసంస్థలు ఇటు పెద్దగా చూడలేదు. బిడ్డను పెంచటానికి ఏళ్ళు పడతాయి. లాభనష్టాల పట్టిక మూడు నెలలకొకసారి రాయాలి.

ఇక మన సంగతికి వస్తాను. వినికిడితో భాష నేర్వటమంటే ఏమిటో తెలియటానికి పిట్స్‌బర్గ్ దాకా పోనక్కరలేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండిన గిడుగు రామమూర్తి, పుస్తకం లేని, లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నాడు. తప్పు పలికి, వారు నవ్వి దిద్దగా, మళ్ళీ పలికి నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవటం ఏళ్ళ తరబడి ఆగలేదు. సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. మన్యంలో తిరుగుతూ జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన చెవులు పోయాయి. వాడుకభాషోద్యమ నాయకుడిగానే ఆయనను మనం పాఠాల్లో చెబుతాము. నిజానికి ఆ ఉద్యమానికి వెనుక ఈ విద్యార్థి ఉన్నాడు. మనుషుల మధ్య కూర్చుని నేర్చుకున్నవాడు గనుకనే, మాట్లాడే మాటకు గౌరవం ఇవ్వాలని అడగగలిగాడు.

ఆ దారిలోనే భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల దగ్గరికి మనుషులను పంపి, ఒక్కొక్క పనిముట్టుకూ ఒక్కొక్క పనికీ జిల్లా జిల్లాలో ఏ పేరుందో సేకరింపజేశాడు. అట్లా తయారైన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయపదాలు, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. ఇవాళ 'డేటా' అని ఇంజనీర్లు పలవరించేది ఇదే. ఒక్క తేడా: అక్కడ ప్రతి పదం పక్కనా అది ఏ ప్రాంతానిదో రాసి ఉంటుంది. ఏ మాట ఎవరిదో మరచిపోని సేకరణ అది.

ఇప్పటి యంత్రాలకు సామగ్రి సమకూరిన తీరు వేరు. బొమ్మలను గుర్తుపట్టటం నేర్పిన 'ఇమేజ్‌నెట్' సేకరణ 2009లో వెలువడింది. కోటికి పైగా బొమ్మలకు పేర్లు పెట్టే పని 167 దేశాల్లో సుమారు నలభై తొమ్మిది వేల మంది, ఇంటర్నెట్ ద్వారా దొరికే ముక్కకూలీకి చేశారు. యంత్రపు నేర్పు అంటున్నాము. నేర్పినవారి పేర్లు ఎక్కడా లేవు. భాషాయంత్రాలదీ ఇదే వరుస. అచ్చయినదీ, ఇంటర్నెట్‌లో ఎక్కినదీ మాత్రమే వాటికి లోకం. తెలుగులో ఎక్కినది తక్కువ. అందులో తెలంగాణ పల్లె నోటిమాట మరీ తక్కువ.

దీని పర్యవసానం నేను తరగతిలో చూశాను. నిరుడు డిగ్రీ విద్యార్థుల చేత ఫోన్లలో ఉండే మాట గుర్తించే యంత్రానికి కొన్ని వాక్యాలు చెప్పించాను. 'రేపొస్త' అంటే అది 'రేపు వస్తాను' అని రాసింది. కొందరు పిల్లలు సంతోషించారు, చక్కగా దిద్దిందని. ఎందుకు సంతోషించరు? పన్నెండేళ్ళుగా బడి వారికి నేర్పింది అదే గదా. తరువాత ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి 'చెరువు మత్తడి దుంకుతున్నది' అన్నది. యంత్రం 'చెరువు మొత్తం దూకుతున్నది' అని రాసింది. తరగతంతా నవ్వింది. చెరువు నిండి నీళ్ళు పొర్లే చోటును కోస్తావారు అలుగు అంటారు, మేము మత్తడి అంటాము. కాకతీయుల చెరువులున్న నేల మీద ఆ మాట తెలియకుండా ఒక వానాకాలం గడవదు.

ఆలోచిస్తే ఈ తప్పు హార్పీ వంశానిది. వలలో లేని మాట వినిపించినప్పుడు దానికి తెలియదనటం తెలియదు. ఉన్న దారుల్లో దగ్గరిదాన్ని పట్టుకుంటుంది. నాలుగేళ్ళ పిల్ల అయితే 'మత్తడి అంటే ఏంది?' అని అడుగుతుంది. అడిగి, చెరువుకట్ట మీదికి పోయి చూసి, మరునాడు తానే ఆ మాట వాడుతుంది. ఎదిగే యంత్రం అంటే ఇది: తెలియనిదాన్ని తెలియనిదిగా గుర్తుపట్టటం, అడగటం, చెప్పినది నిలుపుకోవటం, పాతది పోగొట్టుకోకపోవటం. ఈ నాలుగింటిలో ఏదీ నూటికెన్ని తప్పులన్న పరీక్షలో కనిపించదు. పైగా, దిద్దటం ఇక్కడ తలకిందులైంది. గిడుగును సవరలు దిద్దారు. మా పిల్లలను యంత్రం దిద్దుతున్నది. అది ఎవరూ కావాలని చేసిన కుట్ర అని నేననను. కాని కోట్లమంది చేతుల్లో ఉన్న పరికరం ప్రతిరోజూ ఈ విధంగా దిద్దుతూ పోతే, ఒక తరం గడిచేసరికి మత్తడి అనే మాట నిఘంటువులో మిగులుతుంది, కట్ట మీద మిగలదు.

సెప్టెంబరు 9న, కాళోజీ జన్మదినాన్ని 2014 నుంచి తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయన ఊళ్ళో ఆ రోజున ఉపన్యాసాలకు కొదవ ఉండదు. ఒక్క గంట రికార్డింగు మాత్రం ఎవరూ చేయరు.

చేస్తున్నవారు వేరే చోట్ల ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న 'స్వేచ్ఛ' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమసంస్థ 2023లో ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులను వేల సంఖ్యలో కూడగట్టి, పాత తెలుగు కథల పాఠాన్ని సరిచూయించి, దానితో ఒక చిన్న భాషాయంత్రాన్ని తయారు చేసింది. మద్రాసు ఐ.ఐ.టి.లోని పరిశోధకులు 22 భారతీయ భాషల్లో మామూలు మనుషుల సహజమైన మాటను జిల్లాలవారీగా సేకరించి 2024లో బహిరంగపరచారు. 1998లో మొదలైన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికం మీద దీర్ఘకాలంగా పని జరుగుతున్నది. ఆ సంస్థ పాలకమండలికి రాజ్ రెడ్డి అధ్యక్షత వహించాడు. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో నెలకొల్పిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి కూడా ఆయనే. కాటూరు రైతుబిడ్డకు దొరికిన అవకాశం పదో తరగతి ముగించిన పల్లె పిల్లలకు దొరకాలన్నది ఆ ఆలోచన. ఆ పిల్లలు రేపు యంత్రాన్ని కట్టే ఇంజనీర్లవుతారా, లేక దానికి బొమ్మల పేర్లు రాసిపెట్టే ముక్కకూలీలవుతారా అన్నది ఒక్క విశ్వవిద్యాలయం తేల్చగలిగేది కాదు.

నా విద్యార్థులు ఇరవైమంది ఈ వేసవిలో ఊళ్ళకు పోయినప్పుడు చెరువు, వ్యవసాయం, మగ్గం పదాలను పెద్దవాళ్ళ నోట రికార్డు చేసుకొని వచ్చారు. 1962 నాటి సంపుటాన్ని పక్కన పెట్టుకొని పోల్చుతున్నాము. రికార్డింగులు కావాలని ఒక సంస్థ వారు ఫోను చేశారు. ఇవ్వటానికి పిల్లలకు అభ్యంతరం లేదు. మూడు షరతులు రాసి పంపారు: చెప్పినవారు ఒప్పుకుంటే వారి ఊరి పేరు పదం పక్కన ఉండాలి, సేకరణ ఎవరికీ సొంతం కాకుండా అందరికీ తెరిచి ఉండాలి, యంత్రం ఈ మాటలను తప్పుగా విన్నప్పుడల్లా ఆ తప్పుల జాబితా మా తరగతికి తిరిగి రావాలి. మొదటి రెండింటికీ వెంటనే అంగీకారం వచ్చింది. మూడవ దాన్ని గురించి ఆలోచించి చెబుతామన్నారు.